సర్కారు గుడ్లు, దేవుడి గంప

ఈ ఏడు కోతల పండుగకు నేను చర్చిలో ఏం సమర్పించానో తెలుసా? జాతీయ పక్షిని! ఇంకా గుడ్డులో ఉండగానే! నవ్వకండి. ముందు మొత్తం వినండి, ప్రశ్నలు చివర్లో అడుగుదురు గాని.

మెదక్‌లో ఒకటో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైనదాన్ని. అందుకని ఏ సంగతైనా మొదట్నుంచి వరసగా చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. కొంచెం ఓపిక పట్టండి.

మా కూతురు, అల్లుడు, ఇద్దరు మనవరాళ్లతో కలిసి పెద్ద చర్చికి దగ్గర్లోనే ఒక పెంకుటింట్లో ఉంటాను. వెనక పెరడు. పెరటి వెనక ముళ్లకంప. ఆ వెనక ఖిల్లా గుట్ట. వానలు పడ్డాక ఆ గుట్ట మీంచి ఒక నెమలి దిగి మా పెరట్లో కాపురం పెట్టింది. నెమలి అనగానే మీకు పింఛం గుర్తొస్తుంది. పింఛం మగదానికే ఉంటుంది. ఇది ఆడది. మెడ పొడుగు, నెత్తిన చిన్న కుచ్చు, మిగతాదంతా మట్టిరంగు. తిండి మాత్రం మగదాన్ని మించింది! పచ్చిమిరపకాయలు తిన్నది. వంగనారు తిన్నది. చేటలో ఆరబెట్టిన పల్లికాయ తిన్నది. పొద్దున్నే గోడెక్కి ఎవరో గొంతు పిసికినట్టు ఒక్క అరుపు. నా చేతిలో కాఫీ ముంత తొణికేది.

ఒకరోజు ఓపిక చచ్చి చీపురు పట్టుకుని వెంటపడ్డాను. పక్కింటి గోడ మీంచి మెహరున్ బీ తల బయటికొచ్చింది.

"అయ్యో టీచరమ్మా! చీపురు కింద పడెయ్యుండ్రి! కొత్త కానూన్ వచ్చింది. మోర్‌ను కొడితే జైలంట!"

"ఎవరు చెప్పిన్రు?"

"రేడియోల చెప్పిన్రు. మా ఆయన ఇన్నడు. అయినా మీకు తెల్వదా? మా చిన్నోనికి నెమలి బొమ్మ చూపించి 'ఇది మన జాతీయ పక్షి, దీన్ని మనం కాపాడాలి' అని రోజూ చెప్పించింది మీరే గద!"

చీపురు కింద పెట్టేశాను. పాఠం చెప్పినప్పుడు అది నా మిరపకాయలు తింటుందని పుస్తకంలో రాయలేదు మరి.

ఆ మర్నాడే గోరింట చెట్టు కింద గూడు కనిపించింది. ఐదు గుడ్లు. లేత పాలమీగడ రంగు, కోడిగుడ్డు కంటే బాగా పెద్దవి. చట్టం తెలిశాక ఊరుకుంటానా? తెల్ల కాగితం తీసి, ఎడమవైపు అంచు వదిలి, "అయ్యా, నా పెరట్లో జాతీయ పక్షి గుడ్లు పెట్టినదని తమకు మనవి చేయడమైనది" అని అటవీ శాఖ ఆఫీసుకు దరఖాస్తు ఇచ్చి వచ్చాను. పొరుగున ఉన్నవాళ్లు అలాంటివి చూడనట్టు ఊరుకుంటారట. నాకా తెలివి లేకపోయింది.

సైకిల్ మీద గార్డు వచ్చాడు. గఫార్ సాబ్ అని, ఈ ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. సన్నగా, మీసం మాత్రం దిట్టంగా. నెమలి లేచిపోకుండా దూరాన్నే నిలబడి, మెడ చాచి లెక్కపెట్టుకున్నాడు.

"పాంచ్. ఐదు. ఎవ్వరిని దగ్గరికి రానియ్యకుండ్రి టీచరమ్మా" అన్నాడు.

నేనేం చేశానో చెప్తే మీకు కోపం వస్తుంది. మూడు రోజుల పాటు వాడకట్టు పిల్లలందర్నీ పిలిచి, వరసలో నిలబెట్టి, చీపురుపుల్లతో చూపిస్తూ, "ఇది గూడు. ఇవి గుడ్లు. గుడ్డు మీద తల్లి ఎన్ని రోజులు కూర్చుంటుంది? చెప్పండి చూద్దాం!" అని పాఠం చెప్పాను. పిల్లలు జవాబు చెప్పారు. గట్టిగా చెప్పారు. నాలుగో రోజు తల్లి రాలేదు. ఐదో రోజూ రాలేదు. గుట్ట మీద దాని అరుపు కూడా వినపడలేదు.

గఫార్ సాబ్ మళ్లీ వచ్చి చల్లబడ్డ గుడ్లు చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఇప్పుడేం జేద్దాం?"

గోడ మీంచి మెహరున్ బీ అంది: "ఏముంది? టీచరమ్మ నల్లకోడి పొదుగు మీదున్నది గద. దాని గుడ్లు తీసేసి గివి పెట్టుండ్రి. కోడికి లెక్కలు వస్తయా?"

రాలేదు. గంపలో గడ్డి పరిచి ఐదు నెమలి గుడ్లు పెట్టి కోడిని కూర్చోబెడితే, అది రెక్కలు విప్పి, కొంచెం ఇబ్బందిగా అటూ ఇటూ సర్దుకుని, కళ్లు మూసుకుంది. గఫార్ సాబ్ దానికొక కాగితం తయారుచేశాడు. ఐదు గుడ్లు టీచరమ్మ పూచీ మీద ఉన్నవని రాసి, నాతో సంతకం పెట్టించుకున్నాడు.

"మీరంటె నాకు ఇజ్జత్ ఉంది టీచరమ్మా. గని కాగితం కాగితమే. ఒక్క గుడ్డు తక్కువైనా పైనోళ్లు నన్నడుగుతరు, నేను మిమ్మల్ని అడుగుత. ఆదివారం నాలుగు గంటలకు ఇటు దిక్కే వస్త. చూసి పోత."

ఆదివారం! అదే కోతల పండుగ.

ఈ పండుగ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. పంట చేతికొచ్చే రోజుల్లో మా చర్చిలో ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి పీఠం ముందు పెడతారు. మక్కజొన్న పొత్తులు, గుమ్మడికాయలు, పుంటికూర కట్టలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. మతం, కులం లేకుండా ఊరంతా వచ్చి పాడుకుంటారు. అందులో ఒక కట్టుబాటు ఉంది. పీఠం ముందు పెట్టింది ఇక దేవుడిదే. ఇచ్చినవాళ్లు కావాలన్నా ఊరికే వాపసు రాదు, అందరితో పాటు వేలంలో పాడుకోవాల్సిందే.

నేను ప్రతి ఏడూ ఒక కోడిని ఇస్తాను. నా దగ్గర నల్లకోళ్లు రెండు, ఒకే తల్లి పిల్లలు. ఒకటి సర్కారు కొలువులో ఉంది కాబట్టి రెండోదానికి కాళ్లు కట్టి ఇంకో గంపలో పెట్టాను. పొదిగే కోడికి చీకటి ఉండాలని ఒక పాత చీరను రెండు ముక్కలు చేసి, ఒకటి దానికి కప్పాను. రెండో ముక్క ఊరికే పోవడమెందుకని ఈ గంపకు కప్పాను. ఇప్పుడు వెనక వరండాలో పక్కపక్కన ఒకేలాంటి రెండు గంపలు. ఒకటి దేవుడిది, ఒకటి సర్కారుది.

ఇంట్లోవాళ్లు టేక్మాల్‌లో పెళ్లికి పోయారు. పొద్దున్నే రిక్షా ప్రకాశం వచ్చాడు. ప్రకాశం ఒకప్పుడు నా దగ్గర ఒకటో తరగతి చదివినవాడే, ఇప్పుడు నలభై దాటాయి. కుడి ఎడమలు ఎంతకీ వచ్చేవి కావు. అలాంటి పిల్లలకు గుర్తుగా కుడిచేతికి ఎర్రదారం కట్టేదాన్ని. ప్రకాశానికి ఏడాదంతా ఉండింది దారం.

ఇద్దరం గంపల ముందు పక్కపక్కన నిలబడ్డాం. "ప్రకాశం, కుడి పక్క గంప చర్చికి. ఎడమ పక్కది ముట్టుకోకు, అది సర్కారుది" అని స్పష్టంగా చెప్పి, చెయ్యి కూడా లేపి చూపించి, స్నానానికి పోయాను. తయారై వచ్చేసరికి ఒక గంప పోయింది, ఒక గంప ఉంది. చీర ముక్క ఎత్తి చూడలేదు. పొదిగేదాన్ని కదిలించకూడదని లోకానికంతా చెప్పేదాన్ని, నేనే ఎలా కదిలిస్తాను? నిండు మనసుతో చర్చికి నడిచాను.

ముందు వరసలో కూర్చున్నాను. పాట అయింది, వాక్యం చదవడం అయింది. అయ్యగారు ప్రార్థనకు కళ్లు మూయమన్నారు. ఆ నిశ్శబ్దంలో పీఠం దగ్గర్నుంచి వినపడింది:

"కొర్ర్... కొర్ర్... కొర్ర్..."

అది మామూలు కోడి కూత కాదు. పొదుగు మీదున్న కోడి గొంతు. కోళ్లు పెంచినవాళ్లెవరికైనా తెలుస్తుంది. నా కళ్లు తెరుచుకున్నాయి. గుమ్మడికాయలకూ మక్కపొత్తులకూ మధ్య నా చీర ముక్క! ఇంటి దగ్గర వరండాలో ఉన్నది దేవుడి కోడి! ఇక్కడున్నది సర్కారు కోడి!

దేవా, అన్నాను. ఆ పూట నేను చేసిన అసలు ప్రార్థన అదొక్కటే.

సంఘపెద్ద దేవదానం గారు, ఏమిటా చప్పుడని గంప మీది గుడ్డ కొంచెం ఎత్తారు. ఎత్తిన వేలు మీద ఠపీమని ఒక పోటు పడింది. ఆయన చెయ్యి జాడించుకుంటూ అయ్యగారి చెవిలో ఏదో చెప్పారు. అయ్యగారి ముఖం వెలిగిపోయింది.

"చూడండి! అందరూ కోడిని ఇస్తారు. మన టీచరమ్మ గారు పొదిగే కోడిని, దాని కింద గుడ్లను, రేపు రాబోయే పిల్లల్ని కూడా సమర్పించారు. ఇవ్వడమంటే ఇలా ఇవ్వాలి!"

చర్చి అంతా నా వైపు తిరిగింది. తల దించుకున్నాను. వెనక ఎవరో, "ఎంత వినయమో చూడు" అన్నారు.

లేచి నిజం చెప్పేస్తే పోయేది గదా అంటారు. అదే అనుకున్నాను. కాని ఏమని చెప్పను? అన్ని వందల మంది ముందు, పూచీ మీద ఉన్న సర్కారు గుడ్లను దానమిచ్చేశానని నా నోటితో నేనే చెప్పుకోవాలి. ఆవరణలో అటవీ శాఖ ఆఫీసు మనుషులు కూడా ఉంటారు. ముప్పై ఏళ్లు పిల్లలకు నిజం చెప్పమని చెప్పిన నోరు ఆ పూట మూసుకుపోయింది. వేలంలో పాడుకుని గుట్టుగా ఇంటికి తీసుకుపోదాం అనుకున్నాను.

వేలం మొదలైంది. దేవదానం గారు వేలికి గుడ్డపేలిక చుట్టుకుని గంప ఎత్తి పట్టుకున్నారు. "పొదుగు మీదున్న కోడి! కింద ఐదు గుడ్లు! జర దూరం నుంచే చూడుండ్రి, కరుస్తది!"

నేను చెయ్యెత్తాను. అందరూ చప్పట్లు కొట్టారు! "టీచరమ్మ తనిచ్చిన కోడినే మళ్ల కొని రెండోసారి ఇస్తున్నది!" అన్నారు ఎవరో.

అంతలో వెనక నుంచి నల్ల బురఖాలో ఒకామె చెయ్యెత్తింది. నేను పెంచాను. ఆమె పెంచింది. నేను పెంచాను. ఆమె పెంచింది. అంత దూరం నుంచి ఆ కోడిలో ఆమెకేం కనపడిందో గాని పట్టు వదలదు. నా కొంగుముడి ఖాళీ అయింది. "ఒకటోసారి... రెండోసారి..." దేవదానం గారు నా వైపు చూస్తూ ఎంతసేపు ఆగారో! చేతులు ముడుచుకుని నిలబడ్డాను. "మూడోసారి!" గంప జనం తలల మీదుగా పోయి బురఖాలో కలిసిపోయింది.

జనాన్ని తోసుకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తాను. నా వయసులో పరుగంటే మీరు నడక అంటారు. గేటు బయట ప్రకాశం రిక్షాలో కూర్చుని చెరుకు నములుతున్నాడు.

"ప్రకాశం! నేను ఏ గంప తీసుకుపొమ్మన్న?"

"కుడి పక్కది అన్నరు టీచరమ్మా."

"మరి ఎడమది ఎందుకు తెచ్చినవ్?"

"మీరు నోటితోని కుడి అన్నరు. చెయ్యి ఎడమది లేపిండ్రు. నాకు రెండిట్ల ఏది పట్టుకోవాల్నో సమజ్ కాలె. చిన్నప్పుడు మీరు చెప్పింది యాదికొచ్చింది. 'నా నోరు చూడకుండ్రి, నా చెయ్యి ఎటు దిక్కు లేస్తే మీది గటే లేపుండ్రి' అని. గందుకే చేతి దిక్కున్నది తెచ్చిన."

నేను అక్కడే రిక్షా చక్రం పట్టుకుని నిలబడిపోయాను. చూడండి, ఇది పంతులమ్మలకు మాత్రమే వచ్చే రోగం. పిల్లలకు ఎదురుగా నిలబడి కుడి అని చెప్పేటప్పుడు మన కుడిచెయ్యి ఎత్తితే, అది వాళ్లకు ఎడమ దిక్కున కనపడుతుంది. వాళ్లు తికమకపడతారు. అందుకని మనం కుడి అంటూ ఎడమచెయ్యి ఎత్తాలి. అద్దంలో బొమ్మలాగా. ముప్పై ఏళ్లు, రోజుకు పదిసార్లు అలా ఎత్తాను. ఆ పొద్దున ప్రకాశం నాకెదురుగా లేడు, పక్కనున్నాడు. ఆ సంగతి నా చేతికి తెలియలేదు!

"ప్రకాశం, ఆ బురఖా ఆమె ఎటు పోయింది? పట్టుకోవాలె! నాలుగు గంటలకు గార్డు వస్తడు! గుడ్లు లేకపోతే నేను జైలుకు పోత!"

"ఎక్కుండ్రి! గా రిక్షానే, ముంగట మలుపు తిరిగింది. మీరు కనిపెట్టి చెప్పుండ్రి, నేను తొక్కుత. గని టీచరమ్మా, కుడి ఎడమ అనకుండ్రి. చెయ్యి గూడ లేపకుండ్రి. గదుమ తిప్పుండ్రి, చాలు."

మెదక్ బజారు గుండా నేను గడ్డం అటు తిప్పుతూ ఇటు తిప్పుతూ పోతుంటే ఎదురొచ్చినవాళ్లు తలాడించి నమస్తే పెట్టారు. దారిలో నా కళ్ల ముందు ఒకటే బొమ్మ. పెనం. పెనం మీద నూనె. ఐదు పెద్ద గుడ్లు. ఆ గుడ్లు తల్లిని పోగొట్టుకున్నది నా పాఠం వల్ల. ఇప్పుడు ఆమ్లెట్ అయ్యేది కూడా నా పాఠం వల్లేనా?

ముందు రిక్షా ఊరి చివర ఒక రేకుల ఇంటి ముందు ఆగింది. వెనకబడ్డ మేము చేరేసరికి ఆమె లోపలికి పోయి కాసేపయింది. తలుపు కొట్టాను. లోపల్నుంచి ఎవరో కెవ్వుమన్నారు. తలుపు తెరుచుకుంది.

ఎదురుగా ఖాకీ ప్యాంటు, బనియను, దిట్టమైన మీసం. గఫార్ సాబ్!

"అరే టీచరమ్మా! మీరెందుకు వచ్చిండ్రు? నేనే బయల్దేరుతున్న మీ కాడికి, చెకింగ్‌కు" అని చొక్కా కోసం మేకు వైపు చెయ్యి చాచాడు.

ఆయన భుజం మీదుగా లోపలికి చూశాను. ఆయన వెనక పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పొయ్యి పక్కన నా చీర ముక్క. బురఖా తీసి కొక్కానికి తగిలించిన ఆమె వేలు నోట్లో పెట్టుకుని ఉంది.

"యే ముర్గీ నహీఁ, శైతాన్ హై!" అంది ఆమె మొగుడితో. "నేను జెప్పలేదా, చర్చిల పొదుగు కోడి దొరికిందని? మన కోడి గుడ్లు దీని కింద పెడదామని కొన్న. దీని గుడ్లు మస్తు పెద్దగున్నయి, మీకు ఉడకబెడదామంటె చెయ్యి పెట్టనిస్తలేదు. రెండుసార్లు పొడిచింది."

గఫార్ సాబ్ చొక్కా చేతిలో పట్టుకుని అట్లాగే కింద కూర్చున్నాడు. గంపలోకి చూశాడు. కోడి ఆయన్ను చూసింది. దాని రెక్క కిందనుంచి పాలమీగడ రంగు కనపడుతున్నది. వేలు గాల్లోనే ఆడిస్తూ లెక్కపెట్టాడు. "ఏక్... దో... తీన్... చార్... పాంచ్." మళ్లీ లెక్కపెట్టాడు. ఐదే.

"టీచరమ్మా," అన్నాడు సన్నటి గొంతుతో, "ఇవి మీ ఇంట్ల ఉండాలె గద?"

"అవును గఫార్ సాబ్."

"ఇప్పుడు నా ఇంట్ల ఉన్నయి."

"అవును గఫార్ సాబ్."

"వేలంల కొన్నట్టు చిట్టి గూడ ఉంది. చిట్టి మీద నా పేరుంది."

"ఉంటుంది. దేవదానం గారు ఏదీ రాయకుండా వదలరు."

పొయ్యి మీద నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. ఆయన లేచి ఆ గిన్నె దించేశాడు. ఆయన బీబీ, "ఎందుకు దించిండ్రు?" అని అడిగింది. ఆయన ఉర్దూలో రెండు మాటలు చెప్పాడు. "హాయ్ అల్లా!" అని ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నోట్లో ఉన్న వేలు బయటికి తీయడం మరిచిపోయింది.

ఇక నేను అబద్ధం ఆడదలుచుకోలేదు. కుడి ఎడమల సంగతి, చర్చి సంగతి, నా కొంగుముడి సంగతి, తల్లిని తరిమిన నా పాఠంతో సహా అంతా వరసగా చెప్పాను. "తప్పు నాది. మీరు రాయాల్సింది రాయుండ్రి. సంతకం పెడత" అన్నాను. గఫార్ సాబ్ మీసం దువ్వుకున్నాడు. తర్వాత తన డైరీ తీసి, మోకాలి మీద పెట్టుకుని రాసి, నాకు చదివి వినిపించాడు.

"ఆదివారం తనిఖీ చేయడమైనది. గుడ్లు ఐదు. కోడి ఆరోగ్యంగా ఉన్నది."

"ఎక్కడ తనిఖీ చేశారో రాయలేదు గఫార్ సాబ్. స్థలం కూడా రాయాలి" అన్నాను. ముప్పై ఏళ్ల అలవాటు, ఖాళీ కనపడితే ఊరుకోలేను.

ఆయన నా ముఖం చూశాడు. నేను ఆయన ముఖం చూశాను. "టీచరమ్మా, ఇగ పాఠం ఆపుండ్రి" అన్నాడు.

ఆపేశాను.

సర్కారు గంపను ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. దారిపొడుగునా గుంత వచ్చినప్పుడల్లా ప్రకాశం దిగి రిక్షాను తోశాడు. అదే రిక్షాలో దేవుడి కోడిని బీబీకి పంపించాను. చర్చికి ఆమె ఇచ్చిన పైకం చేరింది, ఆమెకు కోడి చేరింది. అది పొదిగే కోడి కాదు. కాని కరవదు, దానికే బీబీ సంతోషించింది.

ఐదింట్లో నాలుగు పిల్లలయ్యాయి. ఇప్పుడవి మా ఇంటి పెంకుల మీదికి ఎగిరి కూర్చుంటున్నాయి. నల్లకోడి కింద నిలబడి, దిగిరమ్మని కంఠం పగిలేలా అరుస్తుంది. అవి దిగుతాయి, మిరపచెట్ల మీదికి! మునుపు తల్లి నెమలి ఒక్కటే తినేది. ఇప్పుడు నలుగురు. చీపురు పట్టుకుంటానా, గోడ మీంచి మెహరున్ బీ, "కానూన్, టీచరమ్మా, కానూన్!"

మొన్న ప్రకాశం వచ్చి జేబులోంచి ఒక ఎర్రదారం తీశాడు. "కోపం చెయ్యకుండ్రి టీచరమ్మా. చిన్నప్పుడు మీరు నాకు కట్టిండ్రు. ఇప్పుడు నేను మీకు కడత. కుడిచెయ్యి ఇయ్యుండ్రి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కొంచెం కళ్లు కూడా చెమర్చాయి. ధీమాగా చెయ్యి చాచాను. రెండు ముళ్లు గట్టిగా వేసి, దారం కొస కొరికి, ఎదురుగా నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"టీచరమ్మా, గిది ఎడమచెయ్యి."